వెనక గదికి వైరు

గుంటూరులో ఏ ఇంటికి వెళ్ళినా వైఫై డబ్బా హాల్లోనే ఉంటుంది, టీవీ పక్క గోడకి. ఇంటర్నెట్ అవసరం ఎక్కువగా ఉన్నవాళ్ళు మాత్రం హాల్లో ఉండరు. ఇంటర్ చదివే పిల్లవాడు మేడ మీద గదిలో ఉంటాడు, అక్కడైతే చప్పుడుండదని. ఇంటి నుంచి హైదరాబాదు కంపెనీకి పనిచేసే కోడలు వంటింటి పక్క గదిలో తలుపేసుకుని కూర్చుంటుంది, హాల్లో టీవీ మోగుతుంటే మీటింగులో మాట్లాడటం కుదరదని. నెలనెలా బిల్లు కడుతున్నది నిజానికి ఆ గదుల కోసమే. సిగ్నల్ అందనిదీ ఆ గదులకే. "హాల్లోకొచ్చి చూసుకో" అనేసి ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. నాకు మాత్రం ఇది ఊరుకోవాల్సిన విషయంగా కనబడదు. పిల్లవాడి చదువూ, కోడలి ఉద్యోగమూ ఆ గదుల్లోనే నడుస్తున్నప్పుడు లైను అక్కడిదాకా వెళ్ళాలి. వెళ్ళాలంటే వైరు లాగాలి. గాల్లో సగం దారి వచ్చి ఆగిపోయిన సిగ్నల్ని ఇంకో డబ్బా కొని సాగదీయాలనుకోవడం చాలా ఇళ్ళలో డబ్బు దండగ.

అసలు డబ్బా హాల్లోకి ఎందుకొస్తుందో చూడండి. ఫైబరు లైను వీధి స్తంభం మీద నుంచి ముందు వరండాలోకి దిగుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ తన లైన్లని కరెంటు స్తంభాల మీదుగానే వేసుకుంటూ వచ్చింది, లోకల్ ఆపరేటర్లదీ ఇంచుమించు అదే దారి. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకా బోలెడు కనెక్షన్లుంటాయి. కిటికీకి దగ్గర్లో ప్లగ్గు ఎక్కడ కనబడితే అక్కడ పెట్టి వెళ్ళిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు, అడగాల్సింది మనమే. ఆ సన్నటి ఫైబరు వైరుని ఇంకో 15 మీటర్లు లోపలికి తెచ్చినా జరిగే నష్టం ఏమీ ఉండదు. కిలోమీటరు పొడవునా ప్రయాణించినా అందులో పోయే వెలుతురు అర డెసిబెల్ లోపే. మూలల దగ్గర మడత పడకుండా గుండ్రంగా తిప్పుకుంటూ వస్తే చాలు. కాబట్టి కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్ళు ఆ రోజు ఇంట్లో ఉండి, "బాబూ, డబ్బా నడిమి గదిలో పెట్టు" అని గట్టిగా అడగండి. పైసా ఖర్చు లేకుండా సగం ఇళ్ళ బాధ ఇక్కడే తీరిపోతుంది. టీవీ బాక్సుకి అక్కణ్ణించి చిన్న వైరు వెనక్కి తెచ్చుకోవచ్చు.

తీరని ఇళ్ళ సంగతి వేరు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పాత ఇళ్ళ బరువంతా గోడల మీదే ఉంటుంది. అందుకే బయటి గోడలు 14 అంగుళాలు, లోపలివి 9 అంగుళాలు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బరువు పిల్లర్లూ బీములూ మోస్తాయి కాబట్టి లోపలి గోడ నాలుగున్నర అంగుళాలతో సరిపెడుతున్నారు. లక్ష్మీపురం ఫ్లాటులో మూల మూలకీ అందే డబ్బాయే పాతింట్లో పెడితే రెండో గోడకే చతికిలబడుతుంది. వైఫై సిగ్నల్ రెండు పట్టీల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి వేగం ఎక్కువ, గోడ దాటే సత్తువ తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌ది దీనికి తిరగేసిన లెక్క. మేడ మీదికైతే ఇంకో అడ్డంకి, శ్లాబులో ఇనుప చువ్వల అల్లిక. గోడకానించిన ఇనుప బీరువా, దానికున్న నిలువుటద్దం, డాబా మీద నీళ్ళ ట్యాంకు కూడా తలా కొంచెం తినేస్తాయి.

"ఫోన్లో గీతలు నిండుగానే చూపిస్తోంది, పేజీ మాత్రం తెరుచుకోదు" అని చాలామంది అంటుంటారు. కారణం ఉంది. గీతలు చెప్పేది రూటరు, అంటే ఆ వైఫై డబ్బా, మాట ఫోనుకి ఎంత బాగా వినబడుతోందన్న సంగతి మాత్రమే. ఫోను కూడా బదులు చెప్పాలి కదా. ఫోను సిగ్నల్ రూటరు సిగ్నల్ అంత బలంగా ఉండదు, బ్యాటరీ మీద బతికేది. పైగా వీధి వీధంతా వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొత్తం కలిపి 83.5 మెగాహెర్ట్జే. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు 1, 6, 11, అంతే. ఇరుకు సందులో పక్కింటివాళ్ళవీ, ఎదురింటివాళ్ళవీ, పై వాటావాళ్ళవీ అన్నీ ఆ మూడింటి మీదే పడి కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటుకి కొదవ లేదు. కేంద్రం 2018 అక్టోబరులో అక్కడ 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని విడుదల చేసింది. కానీ ఆ చోటు అందుకోవాలంటే రూటరు అదే గదిలోనో పక్క గదిలోనో ఉండాలి. మళ్ళీ వైరు దగ్గరికే వస్తాం.

షాపుకి వెళ్ళి "వెనక గదికి సిగ్నల్ రావట్లేదండీ" అంటే చేతిలో పెట్టేది రిపీటరు. ప్లగ్గులో గుచ్చితే చాలు, గోడకి కన్నం అక్కర్లేదు, అందుకే అంత సులువుగా అమ్ముడుపోతుంది. ఇద్దరి మధ్య నిలబడి ఒకరి మాట పూర్తిగా విని, ఆ తర్వాత రెండోవాళ్ళకి చెప్పే మనిషి లాంటిది అది. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. ఒకే రేడియోతో రెండు పనులూ చేసే చవక రకాల్లో వేగం అక్కడికక్కడే సగమవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు దాన్ని పెట్టే చోటు. జనం దాన్ని తీసుకెళ్ళి సిగ్నల్ రాని గదిలోనే గుచ్చుతారు. రాని సిగ్నల్ని అది ఎక్కణ్ణించి తెస్తుంది? హాలు సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట, అంటే సగం దారిలో పెట్టాలి. అప్పుడు మిగిలిన సగం దారిలో గోడలు మళ్ళీ అడ్డం.

ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టి అన్నీ కలిసి ఒకే వైఫైలా నడిచే డబ్బాల జట్టుని మెష్ అంటారు. అది దీనికంటే మేలే. డబ్బాల మధ్య మాటలకి వేరే రేడియో కేటాయించిన మూడు పట్టీల రకాలైతే వేగం సగానికి పడిపోకుండా కొంత కాపాడతాయి. రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటూ గోడలు ముట్టుకోనివ్వని ఓనరు ఉన్నవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇనుప చువ్వల శ్లాబు మెష్‌కైనా శ్లాబే. మెష్ డబ్బాలు తయారుచేసే కంపెనీలే వాటి వెనకాల వైరు పెట్టుకునే జాక్ ఇచ్చి, వైరుతో కలిపితే ఇంకా బాగా పనిచేస్తాయని రాస్తాయి. ఆ ముక్క చదివి వైరు లాగినవాళ్ళకి మెష్ పెట్టుబడి గిట్టుబాటవుతుంది.

కరెంటు వైర్ల మీదే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ డబ్బాల గురించీ అడుగుతుంటారు. ఆలోచన బాగుంది. 2010లో దీనికి ఐట్రిపుల్‌ఈ 1901 అని ప్రమాణం కూడా వచ్చింది. మన ఇళ్ళ వైరింగు మాత్రం దానికి కలిసిరాదు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో హాలు ఒక ఫేజు మీద, వెనక వాటా ఇంకో ఫేజు మీద ఉంటుంది. ఒక ఫేజులో వేసింది ఇంకో ఫేజులోకి సరిగ్గా దాటదు. దానికి తోడు ఇన్వర్టర్. మన దగ్గర ఇన్వర్టర్ లైను విడిగా తీస్తారు, ఒక్కో గదిలో ఫ్యానూ లైటూ ఒక ప్లగ్గూ దాని మీద, మిగతావి నేరుగా మెయిన్ మీద. ఒక డబ్బా ఇన్వర్టర్ ప్లగ్గులో, రెండోది మెయిన్ ప్లగ్గులో ఉంటే ఒకదాని మాట ఒకదానికి అందడమే కష్టం. ఫోను చార్జర్లు, చవక ఎల్ఈడీ బల్బులు, నీళ్ళ మోటారు ఆ తీగల్లోకి రొద వదులుతూనే ఉంటాయి. స్పైక్ గార్డులో గుచ్చితే అది రొదని ఆపబోయి ఇంటర్నెట్‌నీ ఆపేస్తుంది. డబ్బా మీద 1000 అని పెద్ద అంకె అచ్చేసి ఉంటుంది, అది తీగ మీద అన్నీ కలిపి లెక్కేసిన సంఖ్య. గదిలో ల్యాప్‌టాప్‌కి చేరేది అందులో చిన్న వంతు. ఒకే ఫేజు మీద నడిచే చిన్న ఇంట్లో, తిరిగి ఇచ్చేసే వీలుంటేనే ప్రయత్నించండి.

పాత కేబుల్ టీవీ వైరు సంగతి ఇంతకంటే ఆశాజనకం. టీవీలన్నీ ఫైబరు బాక్సుల మీదికి మారాక చాలా ఇళ్ళలో నల్లటి కోయాక్స్ వైరు గది గదికీ వెళ్ళి ఊరికే పడుంది. దాని మీద ఇంటర్నెట్ నడిపే పద్ధతి ఉంది, మోకా అంటారు. 2004లో ఏర్పడిన కూటమి తయారుచేసినది, 2016లో వచ్చిన 2.5 రకం 2,500 ఎంబీపీఎస్ దాకా వెళ్తుంది. గుంటూరు షాపుల్లో అడిగితే మొహమొహాలు చూసుకుంటారు, ఆన్‌లైన్లోనే తెప్పించుకోవాలి. ఆ వైరు మీద డీటీహెచ్ గొడుగు ఇంకా నడుస్తుంటే మాత్రం వద్దు. గొడుగు నుంచి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, మోకా కూడా అక్కడే నడుస్తుంది, రెండూ ఢీకొంటాయి. నా దృష్టిలో ఆ పాత వైరుకి ఇంకా మంచి ఉపయోగముంది. అది గోడలోపల పైపులోంచి వెళ్తుంటే, దాని కొసకి కొత్త ఇంటర్నెట్ వైరు గట్టిగా కట్టి టేపు చుట్టి అవతలి గదిలోంచి లాగండి. పాతది బయటికొస్తుంది, కొత్తది ఆ దారిలో కూర్చుంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోను వైరైనా ఇంతే. ఆ పైపులో కరెంటు వైర్లు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. 230 వోల్టుల తీగా ఇంటర్నెట్ వైరూ ఒకే పైపులో ఉండకూడదు.

పైపే లేని ఇంట్లో ఏం చెయ్యాలి? బయటి నుంచి రావాలి. మా పెద్దమ్మ వాళ్ళది బ్రాడీపేటలో పాత ఇల్లు. హాలుకీ వెనక గదికీ మధ్య మూడు గోడలు, అందులో ఒకటి వంటిల్లు కలపకముందు బయటి గోడ. వదిన ఆ వెనక గదిలో కూర్చుని ఉద్యోగం చేస్తుంది, ఫోను డేటా అయిపోతే మీటింగు మధ్యలో హాల్లోకి పరుగెత్తేది. నేను డ్రిల్లింగ్ మిషన్ పట్టుకొచ్చాననుకుని పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "గోడకి కన్నం పెట్టనివ్వన్రా. అది మీ పెదనాన్న దగ్గరుండి గానుగ సున్నంతో కట్టించింది." "ఒక్క కన్నం కూడా పెట్టను పెద్దమ్మా, వెంటిలేటర్లోంచి తెస్తా" అన్నాక గానీ లోపలికి రానివ్వలేదు. పాత ఇళ్ళకి ఉన్న వరం ఆ వెంటిలేటర్లే. ప్రతి గదికీ కిటికీ పైన ఒకటి ఉంటుంది, చెక్క చట్రంతో, దోమల జాలీతో. హాలు వెంటిలేటర్లోంచి బయటికి, సన్‌షేడ్ కింద నీడలో గోడ వెంబడి, పక్క సందులో నీళ్ళ పైపు పక్కనే, వెనక గది వెంటిలేటర్లోంచి లోపలికి. దారి మొత్తం 25 మీటర్లు ఉంటుంది. ఈ వైరు వంద మీటర్ల దాకా ఏ ఢోకా లేకుండా పనిచేస్తుంది.

బయట వేసే వైరు ఎంచుకోవడంలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, పైతొడుగు. ఇంట్లో వాడే బూడిదరంగు పీవీసీ వైరు మన మే నెల ఎండకి పెళుసెక్కి పగులుతుంది, ఆ పగుల్లోంచి జూలై వాన లోపలికి దిగుతుంది. బయటి వాడకానికని అమ్మే నల్ల పాలిథీన్ తొడుగు ఉన్నదే తీసుకోండి. రెండోది, లోపలి లోహం. చవగ్గా దొరికే వైర్లలో చాలావాటిలో రాగి ఉండదు, అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. సీసీఏ అంటారు. తీగ కొసని బ్లేడుతో గీకండి. తెల్లగా మెరిస్తే వెనక్కిచ్చేయండి. అది నాలుగు వంపులకే తెగుతుంది, జాక్ దగ్గర వదులవుతుంది, దాని మీద కరెంటు పంపితే వేడెక్కుతుంది. లోపలంతా రాగే ఉన్న క్యాట్-6 రకం ఇంటర్నెట్ వైరు అడగండి. అది దొరక్కపోతే క్యాట్-5ఈ రాగి వైరైనా నిక్షేపంలా సరిపోతుంది. గిగాబిట్ వేగానికి 1999లో ప్రమాణం రాసినప్పుడు అది ఆ తరం రాగి వైర్ల కోసమే రాశారు.

వెంటిలేటర్ దగ్గర వైరు లోపలికి వెళ్ళేముందు కిందికి ఒక వంపు వదలాలి. వాన నీళ్ళు వైరు వెంబడి జారుతూ వచ్చి ఆ వంపు అడుగున బొట్లు బొట్లుగా రాలిపోతాయి, గదిలోకి రావు. కన్నం పెట్టక తప్పని ఇంట్లో అది లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా ఉండాలి, కారణం ఇదే.

జాక్ బిగించడం పెద్ద విద్యేమీ కాదు, కాకపోతే ఓపిక కావాలి. తొడుగు ఒలిస్తే లోపల నాలుగు జతలు, ఎనిమిది తీగలు మెలికలు తిరిగి ఉంటాయి. మెలికలు విప్పి, వేళ్ళ మధ్య సాపు చేసి, వరసగా పేర్చాలి. వదిన వరస చదువుతుంటే నేను పేర్చాను: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. మూడో చోట మొదలైన ఆకుపచ్చ జత ఆరో చోట పూర్తవుతుంది, నీలం జత వాటి మధ్యలో కూర్చుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. తర్వాత కొసలన్నీ ఒకే గీతన కత్తిరించి జాక్‌లోకి తోస్తే, పారదర్శకంగా ఉన్న జాక్ ముందు కొసన ఎనిమిది రాగి చుక్కలూ కనబడాలి. బయటి తొడుగు కూడా జాక్ లోపలిదాకా వెళ్ళాలి, బరువు తీగల మీద పడకుండా. అప్పుడే క్రింపింగ్ టూలుతో నొక్కాలి. టెస్టరు పెడితే 1 నుంచి 8 దాకా దీపాలు వరసగా వెలగాలి. ఏడోదో ఎనిమిదోదో వెలగకపోయినా ఇంటర్నెట్ వస్తుంది, దాంతో బాగానే ఉందనుకుంటారు. కానీ 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. వేగం 95 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే ముందు ఆ జాక్‌నే అనుమానించండి.

వైరు వచ్చాక అవతలి కొసన కొత్త డబ్బా కొనక్కర్లేదు. అటక మీద పడేసిన పాత రూటరు చాలు. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరు మీద వచ్చిన లైనుని వైఫైగా మాత్రమే పంచే పద్ధతిలో పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే ఫోన్లకి చిరునామాలు పంచే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, దాని చిరునామా హాల్లో డబ్బాది కాకుండా వేరేది ఇచ్చి, వైరుని బయటి లైను కోసం ఉండే వ్యాన్ జాక్‌లో కాకుండా ఇంట్లో వాటికి ఉండే లాన్ జాక్‌లో గుచ్చాలి. డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు చిరునామాలు పంచుతారు, ఏ ఫోను ఎవరి మాట వింటుందో తెలియదు. వైఫై పేరూ పాస్‌వర్డూ హాల్లోవే ఇస్తే మనిషి గది మారినప్పుడు ఫోను దానంతటదే మారుతుంది. ఛానల్ మాత్రం వేరుగా పెట్టండి. వదిన ల్యాప్‌టాప్‌ని నేను వైఫై మీద కూడా ఉంచలేదు, నేరుగా వైరే గుచ్చేశాను. 100 ఎంబీపీఎస్ ప్లానుకి ఆ గదిలో 90 పైన వస్తోంది. ముందు ఐదారు దాటేది కాదు.

మేడ మీద గదికైతే వైరుతో ఇంకో లాభముంది, ఇది చాలామందికి తట్టదు. కరెంటు పోయినప్పుడు కింద ఇన్వర్టర్ మీద హాలు డబ్బా నడుస్తూనే ఉంటుంది. పై గదికి ఇన్వర్టర్ లైను ఉండదు, తర్వాత కట్టినది కాబట్టి. అక్కడ రిపీటరు పెట్టినా, మెష్ పెట్టినా, కరెంటుతో పాటే పోతుంది. వైరు ఉంటే దాని మీదే కరెంటు కూడా పైకి పంపొచ్చు. దీన్ని పీఓఈ అంటారు, 2003 నుంచి ఉన్న ప్రమాణం, వైరు మొదట్లో 15.4 వాట్ల దాకా ఇస్తుంది. పీఓఈ తీసుకునే యాక్సెస్ పాయింట్ పైన, వైరులోకి కరెంటు ఎక్కించే ఇంజెక్టర్ కింద ఇన్వర్టర్ ప్లగ్గులో. వేసవి రాత్రి కరెంటు పోయినా పైన పిల్లవాడి క్లాసు ఆగదు. ఈ పనికి సీసీఏ వైరు పొరపాటున కూడా వాడకండి.

రాగి వైరు వేయకూడని చోటూ ఒకటుంది. విజయవాడలో వన్‌టౌన్ వైపు, మొగల్రాజపురంలో కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు ఉంటాయి. ఒకే కుటుంబానికి కింద రెండు గదులు, పది మెట్లెక్కితే విడిగా ఇంకో గది, మధ్యలో బండరాయి. వైఫై రాయిని దాటి వెళ్ళదు. గుంటూరు శివారుల్లోనూ పెరట్లో విడిగా గది వేసుకున్నవాళ్ళున్నారు. రెండు కట్టడాలకీ ఎర్తింగ్ వేరు వేరుగా ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెంటి మధ్య రాగి వైరు మీదుగా కరెంటు పరుగెత్తుతుంది, రెండు వైపులా డబ్బాలు కాలిపోతాయి, మనుషులకీ ప్రమాదం. అక్కడ ఫైబరు వేయించండి. గాజు తీగలోంచి కరెంటు పారదు. మీ కేబుల్ ఆపరేటరు స్తంభం నుంచి ఇంట్లోకి దింపే డ్రాప్ కేబులే సరిపోతుంది, అయితే దానికి బలానికని పెట్టే ఇనుప తీగ లేని రకం అడగండి. కొసలు అతికే మిషన్ వాళ్ళ దగ్గరే ఉంటుంది. రెండు కొసల్లో ఫైబరుని మామూలు ఇంటర్నెట్ వైరుకి కలిపే మీడియా కన్వర్టర్ ఒక్కొక్కటి.

ఇక ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళతో ఒక మాట. గోరంట్ల వైపు ఎటు చూసినా శ్లాబులు లేస్తున్నాయి. ప్రతి గదికీ ఏసీ పాయింటు, గీజరు పాయింటు గుర్తుపెట్టుకుని వేయిస్తున్నారు, ఇంటర్నెట్ వైరుకి పైపు మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి: ఇంటి మధ్యలో ఒక చోటు నుంచి ప్రతి గదికీ, మేడ మీదికీ, వీధి వైపుకీ ఒక్కో 25 మిల్లీమీటర్ల పైపు, కరెంటు పైపులతో కలవకుండా. మలుపులకి ఎల్బోలు కాకుండా పొడవాటి బెండ్లు వాడాలి, లేకపోతే తర్వాత వైరు కదలదు. లోపల లాగడానికి సన్నటి తీగ వదిలేయాలి. పైపు రెండు కొసలకీ మూతలు పెట్టించండి, లేదంటే కాంక్రీటు పాలు దిగి లోపల గడ్డకడతాయి. వైరు ఇప్పుడే కొననక్కర్లేదు, పైపు ఉంటే పదేళ్ళ తర్వాత ఏ రకం వైరు వచ్చినా అందులోంచే లాక్కోవచ్చు. శ్లాబు పోసే ముందురోజు సాయంత్రం ఒకసారి పైకెక్కి, చువ్వల మధ్య ఆ పైపులు ఏ గది మీదుగా వెళ్తున్నాయో ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి.